మెరక ఎక్కడ, పల్లం ఎక్కడ

మా తరగతి గదిలో వేలాడే ఆంధ్రప్రదేశ్ పటానికి కింది భాగమంతా బురద రంగు పట్టేసింది. చిత్తూరు, తిరుపతి, కడప, నెల్లూరు అందులో మునిగిపోయాయి. చార సరిగ్గా ఒంగోలు దగ్గర ఆగింది. గుడ్డ మీద అంటించిన పాతకాలపు పటం కాబట్టి చిరగలేదు. ఈ జూన్‌లో కొత్తగా చేరిన ఒక పాప "మేడం, నెల్లూరులో ఏమైంది?" అని అడిగింది. నెల్లూరులో ఏమీ కాలేదమ్మా, 2024 సెప్టెంబరులో మన విజయవాడ బుడమేరు వాగు నీళ్లు ఈ గదిలోకి వచ్చి, గోడ మీద ఒంగోలు ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తు దాకా లేచాయి అని చెప్పాను. పాత బ్యాచ్‌లో జోకులు వేసే పిల్లాడొకడు ఉండేవాడు. ఆ పటం చూసి వాడు అన్న మాట "ఎట్టకేలకు అనంతపురానికి నీళ్లొచ్చాయి మేడం" అని.

నేను సోషల్ టీచర్ని. విపత్తుల పాఠం ఏటా చెప్పేదే. చాలా ఏళ్లు ఒకటే పద్ధతిలో చెప్పాను. నల్లబల్ల మీద పటం గీయడం, రంగు సుద్దముక్కలతో నింపడం. కోస్తా పొడవునా నీలం, తుఫానులకు. అనంతపురం దగ్గర పసుపు, కరువుకు. హిమాలయాల వెంట, కచ్ దగ్గర ఎరుపు, భూకంపాలకు. ఉత్తరాఖండ్‌కీ కేరళకీ ఆకుపచ్చ, కొండచరియలకు. పిల్లలు అదే పటాన్ని నోటుబుక్కుల్లో స్కెచ్ పెన్నులతో ముచ్చటగా దిద్దుకునేవాళ్లు. పరీక్షలో "పటంలో గుర్తించుము" వస్తే మార్కులు గ్యారంటీ. తనిఖీకి వచ్చినవాళ్లు కూడా మెచ్చుకునేవారు. రంగు వేయని చోటు చూసి పిల్లలు ఏమనుకుంటారన్నది మాత్రం నాకు ఎప్పుడూ తట్టలేదు.

2023లో బదిలీ అయ్యేదాకా తొమ్మిదేళ్లు దివిసీమలో పనిచేశాను. పుట్టింది కూడా అటే, కోడూరు దగ్గర ఒక పల్లె. 1977 నవంబరు 19, శనివారం ఉప్పెన వచ్చిన రోజు నేను ఏడాది నిండని పిల్లని. నాయనమ్మ చంకలో ఉన్నానట. సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. నాయనమ్మ నోట "డెబ్బై ఏడు" అన్న మాట నేను వినలేదు. ఆమెకది "ఉప్పెన ఏడు". మా పెళ్లిళ్లు, దూడ పుట్టడాలు, అప్పులు, అన్నీ ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత.

ఎవరైనా స్థలం కొన్నారని తెలిస్తే ఆమె ధర అడిగేది కాదు. "మెరకా, పల్లమా?" అని అడిగేది. మా ఊరు సముద్రానికి కొంచెం లోపలికి ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి నీటి ఎత్తు తగ్గింది. మా ఇల్లు పాత కాలవ గట్టు పక్కన మెరక మీద ఉంది. మా పెదతాత వాళ్ల ఇల్లు పిలిస్తే పలికేంత దూరంలోనే, నాలుగడుగులు పల్లంలో ఉండేది. మేం బతికాం. అంతకు మించి ఆమె చెప్పేది కాదు, మేం అడిగేవాళ్లం కాదు. ఇంత విని పెరిగిన నేను బీఈడీ చదువుకుని రంగు సుద్దముక్కల్లో పడ్డాను.

దివిసీమ పిల్లలకు ఉప్పెన అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎందుకు వస్తుందో చెబితే చాలు. దానికొక స్టీలు పళ్లెం చాలు. పళ్లెంలో సగానికి నీళ్లు పోసి ఒక వైపు నుంచి గట్టిగా ఊదితే అవతలి అంచున నీళ్లు పోగవుతాయి. అవతలి అంచు కింద పుస్తకం పెట్టి కొంచెం ఎత్తితే అక్కడ లోతు తగ్గుతుంది. అప్పుడు ఊదితే నీళ్లు ఆ వాలు మీదుగా పైకి ఎగబాకుతాయి. మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. బంగాళాఖాతం పైకి పోయేకొద్దీ గరాటులా ఇరుకవుతుంది. డెల్టా నేల సముద్రమట్టానికి మరీ ఎత్తులో లేదు. ఈ మూడూ కలిసిన చోట గాలి ఊదితే ఏమవుతుందో పిల్లలే చెప్పేస్తారు. 1864లో మచిలీపట్నంలో సుమారు ముప్పై వేల మంది, 1789లో కాకినాడ పక్కన కోరంగిలో ఇరవై వేల మంది పోయింది కూడా ఇలాగే. 'సైక్లోన్' అన్న మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన, 1840ల్లో కలకత్తాలో కూర్చుని, ఈ కోరంగి ఉప్పెనల వివరాలు కూడా సేకరించి రాసిపెట్టినవాడే. చుట్ట చుట్టుకున్న పాము అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి తీశాడు. ఆ ముక్క చెబితే ఎంత అల్లరి తరగతైనా నిశ్శబ్దమైపోతుంది. పాము అంటే మజాకా?

బదిలీ మీద విజయవాడకు ఉత్తరం వైపున్న ఈ బడికి వచ్చాక మొదటి నెలలోనే ఒక పిల్లాడు లేచి "తుఫానులు మీ దివిసీమలో వస్తాయి కదా మేడం, ఇక్కడ రావు" అన్నాడు. వాడి నోటుబుక్కులో కోస్తా అంచున సన్నని నీలం గీత ఉంది. విజయవాడ దానికి ఇవతల తెల్లగా ఉంది. అందులో వాడి తప్పేమీ లేదు.

ఆ డిసెంబరులోనే మిచాంగ్ తుఫాను వచ్చింది. పేరు పెట్టింది మయన్మార్. రాసేది ఒకలా, పలికేది మిగ్‌జాం అని ఇంకోలా ఉండటంతో పిల్లలకు తమాషాగా ఉండేది. సెలవులు ఇస్తారని తెలిసి, ముందురోజే అందరికీ బంగాళాఖాతం పటం జిరాక్సులు పంచాను. టీవీలో తుఫాను ఎక్కడుందని చెబితే అక్కడ చుక్క పెట్టాలి. వార్తల్లో "మచిలీపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై" అంటారు కదా, ముందు ఆగ్నేయం అంటే ఏమిటని అడిగాను. "వంటిల్లు మేడం" అని సగం తరగతి ఒకేసారి అరిచింది. సరే, వాస్తు తెలిసినవాళ్లకు భూగోళం తేలికే. వంటింటి మూల నుంచి వాయువ్యం మూలకు చాలా తుఫానులు నడుస్తాయని చెప్పాను. దారం ముక్కతో దూరం కొలవడం నేర్పించాను. ఒక డిగ్రీ అక్షాంశం అంటే 111 కిలోమీటర్లు, అది తెలిస్తే ఏ పటంలోనైనా కొలవచ్చు.

తీరా ఈ తుఫాను వంటింటి నుంచి తిన్నగా వాయువ్యానికి పోలేదు. చెన్నై దగ్గరకు వచ్చి, తీరాన్ని రాసుకుంటూ ఉత్తరానికి నడిచి, డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. సెలవుల తర్వాత జిరాక్సులన్నీ బల్ల మీద పరిచాం. సగం పటాల్లో చుక్కలు ఎలా పడితే అలా ఉన్నాయి, ఒకడైతే తుఫానును శ్రీలంక మీంచి నడిపించాడు. ఒక అమ్మాయి మాత్రం ఏడు చుక్కలు సరిగ్గా పెట్టి, కింద ఒక ప్రశ్న రాసింది. "తీరం దాటింది బాపట్లలో. మునిగింది చెన్నై. పటంలో ఏది రంగు వేయాలి?" రెండూ వేయమ్మా అన్నాను. ఆ జవాబు నాకే తేలిపోయినట్టు అనిపించింది, కానీ బెల్ కొట్టేశారు.

నా తప్పు సంగతికి వస్తాను.

2024 జులై 30 తెల్లవారకముందే వయనాడ్‌లో కొండ విరిగిపడింది. ముండక్కై, చూరల్‌మల ఊళ్లు కొట్టుకుపోయాయి, రెండు వందల మందికి పైగా చనిపోయారు. మరుసటి వారం తరగతిలో అదే చర్చ. అదే అమ్మాయి, ఏడు చుక్కల అమ్మాయి, అడిగింది: "మనకీ కొండలున్నాయి కదా మేడం, మనకీ వస్తాయా?" నేను చాలా ధీమాగా చెప్పాను. వాళ్లవి మందంగా మట్టి కప్పుకున్న ఏటవాలు కొండలు, అక్కడ కుంభవృష్టి కురుస్తుంది, మట్టి నాని జారిపోతుంది. మనవి రాతి గుట్టలు. మనకేం కాదు.

ఆగస్టు 31న, శనివారం, మొగల్రాజపురంలో కొండ మీంచి బండరాళ్లు ఇళ్ల మీద పడ్డాయి. మనుషులు చచ్చిపోయారు. సాయంత్రం తరగతి వాట్సాప్ గ్రూపులో, వాళ్లమ్మ ఫోన్ నుంచి, ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది. "మేడం, మనకీ వచ్చింది." అంతే. ఒక ఏడుపు బొమ్మ కూడా లేదు. ఆ రాత్రి ఏం జవాబు రాయాలో తెలియక నేను ఫోన్ మూసేశాను.

తెల్లారితే ఆదివారం. నగరం మీద ఒక్క రోజులో ఇరవై సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం నీళ్లలోకి వెళ్లాయి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, వరదను పక్కకు తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలపడానికి కాలవ తవ్వారు. ఆ కాలవ గట్టుకు గండ్లు పడ్డాయి. పైగా కృష్ణే నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆ సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటింది, బ్యారేజీ చరిత్రలోనే అత్యధికం. తనలోకి కాలవ నీళ్లు తీసుకునే స్థితిలో నది లేదు. మరి ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి?

నల్లబల్ల మీద నేను కృష్ణను లావుగా గీసేదాన్ని. బ్యారేజీ గీసి, 2009 అక్టోబరు వరద అంకె పక్కన రాసేదాన్ని. కర్నూలు ఎలా మునిగిందో చెప్పేదాన్ని. బుడమేరును ఒక్కసారి కూడా గీయలేదు. పిల్లలు రోజూ దాని వంతెన దాటి బడికి వస్తారు. అడిగితే "అది వాగు కాదు మేడం, మురుక్కాలవ" అంటారు. బెజవాడ దుఃఖదాయని అని దానికి పెద్దలు పెట్టిన పేరు నాకు తెలుసు. తెలిసీ గీయలేదు. పుస్తకంలో పటం స్కేలుకు అది కనిపించదు మరి.

బడి తెరిచేసరికి పదిహేను రోజులు దాటింది. బ్లీచింగ్ వాసన, ఎండలో ఆరేసిన బెంచీలు, ఉబ్బిపోయిన రిజిస్టర్లు. పిల్లలకు పుస్తకాలు లేవు. చాలామందికి బ్యాగే లేదు. పుస్తకం లేదు కాబట్టి పుస్తకం లేని పాఠం చెప్పాల్సి వచ్చింది. మీ ఇంటి గోడ మీద నీటి చార ఎంత ఎత్తులో ఉందో, వాకిలి దగ్గర నేల నుంచి కొలిచి రమ్మన్నాను. ఒకమ్మాయి వాళ్లమ్మ కుట్టుమిషను టేపు తెచ్చింది. స్కేలుతో కొలిచినవాళ్లున్నారు, జానలతో కొలిచినవాళ్లున్నారు. ఒకడు "నా గడ్డం దాకా" అని రాసుకొచ్చాడు, వాడి గడ్డం ఎంత ఎత్తులో ఉందో మేం కొలుచుకున్నాం.

నలభై ఒక్క అంకెలు వచ్చాయి. ఒకటిన్నర అడుగుల నుంచి ఆరడుగుల పైచిలుకు దాకా. బోర్డు మీద వీధులు గీసి అంకెలు రాస్తుంటే వెనక బెంచీ నుంచి ప్రశ్న వచ్చింది. "నిలబడ్డ నీళ్లు అన్నిచోట్లా ఒకే మట్టంలో ఉంటాయని సైన్స్ సారు చెప్పారు కదా మేడం. మరి మా ఇంటి దగ్గర ఐదడుగులు, గుడి వీధిలో రెండడుగులు ఎలా?"

నేను జవాబు చెప్పలేదు. బోర్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక అడ్డగీత గీశాను, అది నీటి మట్టం. ఒక్కొక్కరూ వచ్చి, ఆ గీత నుంచి కిందికి తమ ఇంటి లోతు ఎంతో అంత దూరంలో చుక్క పెట్టారు. నలభై ఒక్క చుక్కలూ కలిపితే కింద ఎగుడుదిగుడుగా ఒక గీత వచ్చింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత జోకుల పిల్లాడే అన్నాడు, "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు." వాళ్ల తాత సామెతట. కింది గీత మా పేట నేల. ఏ సర్వేయరూ కొలవకుండా, వరదే కొలిచి చూపించిన మెరకలూ పల్లాలూ. పారే నీటికి కాస్త వాలు ఉంటుందనీ, మా కొలతల్లో అటూ ఇటూ అరడుగు తేడా ఉంటుందనీ చెప్పాను గానీ ఎవరూ వినిపించుకోలేదు.

పల్లం పుట్టుకతోనే ఉంటుందని నేను అనుకునేదాన్ని. ఆ గీత చూశాక పిల్లలు ఇంకోటి కనిపెట్టారు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయిన వీధుల్లో పాత ఇళ్లన్నీ లోతులో ఉన్నాయి. "మా గడపకి ముందు మూడు మెట్లు ఎక్కేవాళ్లమంట, ఇప్పుడు రెండు మెట్లు దిగుతాం" అంది ఒక పిల్ల. పక్కన కొత్తగా మట్టి తోలి ఎత్తు చేసిన ప్లాట్ల నీళ్లు ఎవరి ఇంటికి పోయాయో కూడా బోర్డు మీద కనిపించింది. ఆ ప్లాట్లలో ఒకటి మా సహోపాధ్యాయురాలిది. ఆ సంగతి తరగతిలో ఎత్తలేదు.

అప్పటి నుంచి "ఇది ఎక్కడ వస్తుంది?" అని అడిగితే ఊరి పేరు చెప్పడం మానేశాను. ఏమేం కలిస్తే వస్తుందో చెప్పి, మీ చుట్టుపక్కల అవి ఉన్నాయేమో చూసి రమ్మంటున్నాను. కొండ ఉండి, ఇళ్ల కోసం దాని మొదలు తొలిచేసి ఉంటే, వాన పడితే, అది వయనాడే కానక్కర్లేదు. అనంతపురంలో కరువు ఎందుకంటే నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేసి వస్తాయి, ఈశాన్య వానలకేమో తూర్పు తీరం దూరం. అదే ఏడాది డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే మా దగ్గరా తెలిసింది. పిల్లలు బడికి పరుగెత్తుకుంటూ వచ్చి "హిమాలయాల్లో కదా మేడం ఎర్ర రంగు వేశాం!" అని నిలదీశారు. 1969లో భద్రాచలం దగ్గర ఇంతకంటే పెద్దదే, 5.7, వచ్చిందని చెప్పాను. గోదావరి లోయ కింద నేలలో పాత పగుళ్లున్నాయి. 1993లో లాతూరు వైపు కిల్లారిలో వేలమంది పోయినప్పుడు అది కూడా పటంలో ఎర్రగా లేని చోటే. ఇక్కడ తక్కువ, కానీ సున్నా కాదు అన్నాను. "మనకేం కాదు" అన్న మాట ఇప్పుడు నా నోట రాదు.

విపత్తుల పేర్లు రాయమంటే బెజవాడ పిల్లలు ఎండను రాయరు. అది వాళ్ల లెక్కలో మామూలు. 2015 మే నెల వడగాలులకు మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారని చెబితే నమ్మలేదు. రేకుల ఇళ్లలో ఉండేవాళ్లను చేతులెత్తమంటే సగం చేతులు లేచాయి. ఎండ ఎక్కడ పడుతుందన్నదానికి అదే పటం.

ఒక తల్లి నా మీద కోపంగా వచ్చింది. మబ్బు పట్టగానే పిల్ల బట్టలు సర్దుకుంటోందని, రాత్రి నిద్రపోవట్లేదని, ఈ పాఠాలతో టెన్షన్ ఎక్కువవుతోందని. ఆమె చెప్పింది నిజమే. వరద వీడియోలు తరగతిలో చూపించడం ఆ రోజుతో ఆపేశాను. కానీ పాఠం ఆపితే ఆ పిల్ల భయం ఆగుతుందా? దివిసీమలో పిల్లలకు భయం లేదని కాదు. వాళ్లకు తుఫాను షెల్టర్ ఎక్కడుందో తెలుసు, స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఆ భవనంలోనే ఆడుకుంటారు, పరీక్షలకు చదువుకుంటారు. ఇక్కడి పిల్లలకు ఆ రాత్రి ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు.

అందుకని ఈ ఏడాది పటంలో చివరి పని ఒకటి పెట్టాను. మీ ఇంటి నుంచి, నడిచి వెళ్లగలిగిన దగ్గరి మేడ దాకా గీత గీయండి అన్నాను. "గడ్డం దాకా" పిల్లాడి తమ్ముడు ఇప్పుడు నా తరగతిలో ఉన్నాడు. వాడి పటంలో రెండిళ్లు, మధ్యలో చిన్న గీత. కింద రాశాడు: "మాకు మేడ లేదు. ఎదురింటి పెద్దమ్మ వాళ్లకు ఉంది. అడగాలి."

మర్నాడు హాజరు తీసుకుంటూ అడిగాను, "ఏరా, అడిగావా?"

"అడిగాను మేడం. వాళ్లు ఊరెళ్తే మెట్ల తలుపు తాళం ఎక్కడ పెడతారో కూడా చెప్పింది."